క్రిస్టియాన్ హైగెన్సు చరిత్రము: మలుపులయందు బండ్లు ఒరుగుటకు కారణము

మన పాఠశాలకు సైకిలుమీద వచ్చు విద్యార్థులు వీథిలోనుండి గేటులోనికి తిరుగునప్పుడు ఒకసారి నిలిచి చూడుడు. ఎవరును వారికి చెప్పియుండలేదు. ఏ పుస్తకమునందును వారు చదివియుండలేదు. అయినను మలుపు ఏ ప్రక్కకు ఉన్నదో ఆ ప్రక్కకే ప్రతివాడును తన దేహమును, సైకిలును గూడ ఒరగనిచ్చును. ఒరగనిచో పడిపోవును. ఆ బాలుడే సెలవులలో అనంతగిరి కనుమదారిని అరకులోయకు బస్సులో పోవునప్పుడు వ్యవహారము తారుమారగును. దారి కుడికి తిరిగినచో బస్సు ఎడమకు ఒరుగును. లోపల కూర్చున్నవారును ఎడమకే జరిగి ప్రక్కవారి భుజములమీద పడుదురు. రైలుబండి సంగతి ఇంకొక విధము. మలుపున్నచోట రైలుపట్టాలలో బయటి పట్టాను లోపలి పట్టాకంటె ఎత్తుగా వేయుదురు. కావున బండి ఎవరి ప్రయత్నమును లేకయే లోపలికి ఒరిగి పోవును. సైకిలు తనంతట లోపలికి ఒరుగుట, బస్సు బయటికి ఒరుగుట, రైలును ఇంజనీర్లు లోపలికి ఒరిగించుట, ఇట్లు మలుపు ఒక్కటే అయినను నడవడి మూడు విధములుగా నున్నది. ఇది యేల యని తరగతిలో ఏటేట ఎవరో యొక విద్యార్థి అడుగుచునే యుండును.

ఈ మూడింటికిని ఆధారమైన లెక్క యొక్కటే. దానిని 1659వ సంవత్సరమున మొట్టమొదట సాధించినవాడు హాలండు దేశీయుడగు క్రిస్టియాన్ హైగెన్సు. ఆనాటికి సైకిలు లేదు, రైలు లేదు, మోటారు బస్సు లేదు. ఆయన ముందున్నది దారమునకు కట్టిన సీసపుగుండు మాత్రమే. అంతటి లెక్కను సాధించియు దానిని పూర్తిగా లోకమున కియ్యక కాగితముల పెట్టెలోనే యుంచి ఆయన కన్నుమూసెను. ఆ సంగతియు ఈ చరిత్రములో చెప్పవలసియున్నది.

హైగెన్సు 1629వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన హేగ్ నగరమున జన్మించెను. తండ్రియగు కాన్‌స్టాంటైన్ హైగెన్సు సామాన్యుడు గాడు. ఆరెంజి వంశపు ప్రభువులకు కార్యదర్శి, డచ్చి భాషలో పేరొందిన కవి, సంగీతజ్ఞుడు, ఐరోపాఖండమందలి పండితు లెందరితోడనో లేఖలు నడపినవాడు. ఫ్రెంచి తత్త్వవేత్తయగు డెకార్ట్ ఆ యింటికి అతిథిగా వచ్చుచుండెడివాడు. నలుగురు కుమారులును ఒక కుమార్తెయు గల ఆ కుటుంబమున తల్లి సుజన్నా 1637లో మరణించెను. అప్పటికి క్రిస్టియానునకు ఎనిమిదేండ్లు. తండ్రి పిల్లలను బడికి పంపక, ఇంటనే ఉపాధ్యాయులను నిలిపి లాటిను భాషను, గణితమును, సంగీతమును చెప్పించెను. ఈ బాలునకు మాత్రము పద్యములకంటె పనిముట్లయందు ప్రీతి మెండు. పదుమూడేండ్లవాడై యున్నప్పుడే కొయ్యను గుండ్రముగా చెక్కు తరిమెన నొకదానిని తన చేతులతో చేసికొనెనట. ఇంత విద్య గల యింటిలో చేతిపనిని తక్కువగా చూడకపోవుట తండ్రి చేసిన ఉపకారములలో గొప్పదని నేను తలతును. ఆ చేతులే తరువాత దూరదర్శినికి అద్దములు సానపట్టినవి.

పదునారవ యేట లైడెన్ విశ్వవిద్యాలయమున చేరి న్యాయశాస్త్రమును, గణితమును చదివెను. గణితమున ఫ్రాన్స్ వాన్ స్కూటెన్ ఆయనకు గురువు. 1647లో బ్రేడా పట్టణమందలి కళాశాలకు మారెను. తండ్రి కోరిక కుమారుడు రాయబారి కావలెనని. ఆ కోరికమీదనే 1649లో ఒక రాయబారముతో డెన్మార్కు దేశమునకు వెళ్లెను. అక్కడినుండి స్వీడనుకు పోయి అప్పుడచ్చట నివసించుచుండిన డెకార్టును చూడవలెనని ఆశపడెను గాని వీలుపడలేదు. ఆ తరువాతి సంవత్సరమే డెకార్ట్ మరణించెను. రాయబారి యుద్యోగము దొరకలేదు. తండ్రి నిరాశపడెనో లేదో గాని శాస్త్రమునకు మాత్రము మేలు జరిగినది. ఇంటనే కూర్చుండి తండ్రి యిచ్చు ధనముతో గణితము చేసికొనుచు ఆయన పదునైదేండ్లకు పైగా గడపెను. ఆయన చేసిన గొప్ప పనులలో సగమునకు పైగా ఈ కాలమునకే చెందినవి.

వానిలో లోకమెరిగినవి మూడు. అన్న కాన్‌స్టాంటైనుతో గూడి సానపట్టిన అద్దములతో దూరదర్శిని చేసి, 1655 మార్చి 25వ తేదీన శనిగ్రహమునకు గల టైటన్ అను ఉపగ్రహమును కనిపెట్టెను. గెలీలియోకు అంతుపట్టని శని రూపము, గ్రహము నంటకుండ చుట్టును ఉన్న పలుచని వలయమని తెలిసికొని 1659లో గ్రంథరూపమున ప్రకటించెను. 1656లో లోలకముతో నడుచు గడియారమును నిర్మించెను. అంతకుముందు మంచి గడియారము సైతము దినమునకు పావుగంట తప్పుచుండెను; హైగెన్సు గడియారము తప్పునది కొన్ని సెకనులే. పాఠ్యపుస్తకములలో ఈ మూడును ఉన్నవి గనుక వానిని ఇంతటితో విడిచెదను. నాలుగవదానిని గూర్చియే ఈ వ్యాసము.

1659 అక్టోబరు మాసమున ఆయనకు ఒక ప్రశ్న కలిగెను. పైనుండి విడిచిన వస్తువు మొదటి సెకనులో ఎంతదూరము పడును? పడుచున్న రాతిని కొలుచుట కష్టము. చూచునంతలోనే నేల తాకును. అందుచేత పడునట్టి బరువును వేరొకదానితో సరితూచవలెనని ఆలోచించెను. వడిసెలను త్రిప్పినప్పుడు రాయి బయటికి లాగుటను మన పల్లెలలో చేను కాయు పిల్లలెల్లరు నెరుగుదురు. దావీదు చేతిలోని వడిసెలయు ఇట్టిదే. ఆ లాగుడు ఎంత? దానిని బరువుతో పోల్చి కొలువవచ్చునా? ఇది ఆయన వేసికొన్న ప్రశ్న. దారము బయటికి లాగబడునని అంతకుముందు అందరికి తెలియును. ఎంత లాగబడునో ఒక్కరును చెప్పియుండలేదు.

ఆయన యిట్లు ఊహించెను. పడుకొనబెట్టిన బండిచక్రమువలె తిరుగుచున్న మిక్కిలి పెద్ద చక్రము కలదనుకొనుడు. దాని అంచున, జారిపడకుండ కట్టబడిన మనుష్యుడు నిలుచున్నాడు. అతని చేతిలో దారమును, దారపు కొనకు సీసపుగుండును ఉన్నవి. దారము బిగువుగా బయటికి చాగియుండును. ఇప్పుడు దారము తెగినది. నేలమీద నిలిచి చూచువానికి గుండు వృత్తమును విడిచి తిన్నగా స్పర్శరేఖ వెంట పోవుచున్నట్లు కనబడును. దానిని ఎవరును బయటికి త్రోయలేదు. ఉన్న వేగముతో ఉన్న దిక్కునకు సాగుచున్నదంతే. చక్రముమీది మనుష్యుడు మాత్రము తానును తిరిగిపోవుచుండుటచే, గుండు తన యొద్దనుండి తిన్నగా బయటికి, చేతికి ఎదురుగా, దూరమగుచున్నట్లు చూచును. మొదట మెల్లగా, తరువాత వడిగా.

ఎంత వడిగా? దీనికి మన పదవ తరగతి రేఖాగణితమే చాలును. వృత్తమునకు వెలుపల నున్న బిందువునుండి గీచిన స్పర్శరేఖ పొడుగు యొక్క వర్గము, ఆ బిందువునుండియే వృత్తమును కోయు రేఖ యొక్క వెలుపలి తునకను మొత్తము రేఖతో హెచ్చించిన లబ్ధమునకు సమానము గదా. కొద్దికాలములో గుండు స్పర్శరేఖ వెంట పోయిన దూరము వేగమును కాలముచే హెచ్చించినంత. వెలుపలి తునక గుండు దూరమైనంత. కోయు రేఖ కేంద్రము మీదుగా పోవునది గనుక, కాలము మిక్కిలి కొద్దియైనప్పుడు దాని మొత్తము పొడుగు వృత్తపు వ్యాసమే. కావున గుండు దూరమగుట కాలము యొక్క వర్గమునుబట్టి పెరుగును. పైనుండి పడు రాయియు కాలము యొక్క వర్గమునుబట్టియే పడునని గెలీలియో చూపియుండెను. ఇచ్చట హైగెన్సునకు తాళపుచెవి దొరకినది. చక్రముమీది మనుష్యునకు ఆ గుండు బయటిదిక్కునకు ‘పడుచున్నది’. అట్లయిన ఆ లాగుడు బరువు వంటిదే. బరువును కొలిచినట్లే దానిని కొలువవచ్చును.

ఆ లాగుడునకు ఆయన లాటిను భాషలో పెట్టిన పేరు నేడు మనము అపకేంద్ర బలమనునది. ఆయన తేల్చిన నియమము ఇది: వేగము రెట్టింపైనచో బలము నాలుగురెట్లగును, వృత్తము రెట్టింపు పెద్దదైనచో బలము సగమగును. ఆ బలము బరువులో ఎన్నవ వంతో తెలిసికొనుటకు వేగము యొక్క వర్గమును, వృత్తపు వ్యాసార్ధమును గురుత్వ త్వరణముచే హెచ్చించినదానితో భాగించిన చాలును. ఆయన దీనిని ఒక చక్కని రూపమున చెప్పెను. వృత్తపు వ్యాసార్ధములో సగము ఎత్తునుండి పడిన వస్తువునకు ఎంత వేగము కలుగునో అంత వేగముతో ఆ వృత్తమున తిరుగు వస్తువునకు అపకేంద్ర బలము దాని బరువునకు సరిగా సమానమగును. తరగతిలో నేను ఈ సూత్రమును చెప్పినప్పుడు వెనుక వరుసవారు సైతము తలలెత్తి వినుట కలదు; ఏలయన దీనిని చెట్టు, రాయి ఉన్న ఎవరైనను ఊహించుకొనగలరు.

నియమము దొరకినది గాని దానిని పరీక్షించుట యెట్లు? దారమునకు గుండు కట్టి, గడియారపు లోలకమువలె ఇటునటు ఊపక, గుండ్రముగా త్రిప్పెను. దారము అప్పుడు శంకువు ఆకారమున తిరుగును. దీనిని శంకు లోలకమందురు. గుండు ఎంత వేగముగా తిరిగినచో దారము అంత ఎక్కువగా ఒరుగును. గుండు బరువు క్రిందికి లాగును, అపకేంద్ర బలము బయటికి లాగును. ఈ రెంటిని కూడిన దిక్కునకే దారము నిలుచును. ఒరిగిన కోణమును చూచినచో రెండు బలముల నిష్పత్తి కంటికి కనబడును. అదే సంవత్సరమున ఆయన ఇట్టి లోలకముతో నడుచు గడియారమునుగూడ రచించెను. పడు వస్తువు మొదటి సెకనులో ఎంతదూరము పడునను తన మొదటి ప్రశ్నకు ఈ పరిశోధనలనుండియే జవాబు రాబట్టెను. ఆయన లెక్క నేటి కొలతలలో సుమారు 4.9 మీటర్లు, నేటికిని అది దిద్దనక్కరలేనిది.

ఇప్పుడు సైకిలును చూతము. శంకు లోలకమును తలక్రిందుగా నుంచిన సైకిలే యగును. లోలకమున పైకొన కదలదు, క్రింది గుండు బయటికి ఒరుగును. సైకిలున క్రిందనున్న చక్రము బయటి దారిని పట్టియుండును, పైనున్న మనుష్యుడు లోపలికి ఒరుగును. రెంటియందును బరువు, అపకేంద్ర బలము కూడిన దిక్కు ఒరిగిన గీతతో ఏకము కావలెను. సైకిలు విషయమున ఆ గీత గరిమనాభినుండి చక్రము నేలను తాకుచోటికి పోవునది. 10 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును సెకనుకు 5 మీటర్ల వేగముతో, అనగా గంటకు 18 కిలోమీటర్లతో తిరుగువాడు సుమారు 14 అంశలు ఒరగవలెను. వేగము రెట్టింపు చేసి గంటకు 36 కిలోమీటర్లతో తిరిగినచో 28 అంశలు కాదు, 45 అంశలు ఒరగవలసివచ్చును. 10 మీటర్లలో సగమగు 5 మీటర్ల ఎత్తునుండి పడిన రాతికి వచ్చు వేగమును లెక్క వేసి చూడుడు. అదియు సెకనుకు ఇంచుమించు 10 మీటర్లే. హైగెన్సు సూత్రము సరిపోయినది గదా. లావువాడును సన్ననివాడును ఒకే వేగమున ఒకే కోణము ఒరుగుదురు. బరువు రెండుప్రక్కలను ఉండుటచే లెక్కలోనుండి కొట్టివేయబడును.

ఒరిగినంతమాత్రమున పని తీరదు. మలుపు తిరుగుటకు చక్రమును నేల లోపలికి నెట్టవలెను. ఆ నెట్టుడు ఘర్షణవలన వచ్చునది. ఇసుక పడినచోటను వానకు తడిసిన సిమెంటు నేలమీదను ఘర్షణ చాలదు. చక్రము బయటికి జారిపోవును. అప్పుడు ఒరిగియున్న బాలుడు లోపలిప్రక్కకే పడును. మోకాలు చీరుకొనిపోయి వచ్చిన విద్యార్థులను చూచినప్పుడు గాయము ఏ ప్రక్కనున్నదో గమనించుట నాకు అలవాటైనది. మరియొక చిత్రము. కుడికి తిరుగదలచిన సైకిలువాడు మొదట హాండిలును ఒక్క క్షణము ఎడమకు త్రిప్పును. చక్రము క్రిందినుండి ఎడమకు పోగా దేహము కుడికి ఒరుగును. ఆ పిమ్మట హాండిలు కుడికి వచ్చును. తాము ఇట్లు చేయుచున్నామని తొక్కువారిలో పదింట తొమ్మండుగురు ఒప్పుకొనరు. నెమ్మదిగా తొక్కి పరీక్షించుకొనవలసినదే.

బస్సు లోపలికి ఒరుగలేదు. దానికి రెండుప్రక్కలను చక్రములున్నవి. నేల చక్రములను లోపలికి నెట్టుచున్నది. బస్సు బరువు మాత్రము చాల ఎత్తున, స్ప్రింగుల పైన ఉన్నది. క్రింది భాగము మలుపు తిరుగగా పై భాగము తిన్నగా పోవ జూచును. బయటిప్రక్క స్ప్రింగులు నొక్కుకొనిపోయి లోపలిప్రక్కవి సాగును. బస్సు బయటికి ఒరుగుట యనగా ఇదియే. వేగము మిక్కిలి హెచ్చినచో లోపలిచక్రములమీది బరువు తగ్గి తగ్గి సున్నయగును. ఆపైన బండి బోర్లపడును. ఎప్పుడు? అపకేంద్ర బలము బరువులో ఎన్నవ వంతో అది, చక్రముల నడుమ దూరములో సగమును గరిమనాభి ఎత్తుతో భాగించిన దానిని మించినప్పుడు. చక్రముల నడుమ 2 మీటర్లును, గరిమనాభి నేలనుండి 1.25 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. అప్పుడు హద్దు పదింట ఎనిమిది వంతులు. ఇట్టి బస్సు సాధారణముగా బోర్లపడుటకంటె ముందు జారును. పైకప్పుమీద మూటలు, బుట్టలు, మనుష్యులు ఎక్కి గరిమనాభి 1.6 మీటర్లకు లేచినదనుకొందము. హద్దు పదింట ఆరు వంతులకు కొంచెము పైకి దిగిపోయినది. స్ప్రింగులు నొక్కుకొనుటచే నిజమైన హద్దు ఇంకను తక్కువ. ఇప్పుడు జారవలసిన బండి జారక ముందే బోర్లపడవచ్చును. కనుమదారిలో బస్సుపైన కూర్చుండుట సరదాయని తలంచు పెద్ద విద్యార్థులును, తలిదండ్రులును ఈ రెండు అంకెలను జ్ఞాపకముంచుకొందురు గాక.

రైలుదారి వేయువారు ఈ లెక్కను నేలమీదనే వ్రాసిపెట్టుదురు. మన పెద్దలైను పట్టాలు ఒకదాని నడిమినుండి ఇంకొకదాని నడిమికి సుమారు 1.75 మీటర్ల ఎడముగా నుండును. 875 మీటర్ల వ్యాసార్ధము గల వంపును గంటకు 72 కిలోమీటర్లతో తిరుగు బండిలో అపకేంద్ర బలము బరువులో నూటికి 4.7 వంతులు. బయటి పట్టాను సుమారు 8 సెంటీమీటర్లు ఎత్తించినచో, కూర్చున్నవానికి ఏ ప్రక్కకును లాగుడు తెలియదు; చెంబులోని నీరు సైతము చెంబు అంచులతో సమముగా నిలుచును. కాని అదే వంపున మెయిలుబండియు పోవలెను, గూడ్సుబండియు పోవలెను. ఒకే ఎత్తు రెండు వేగములకు తగదు. కావున నడిమి ఎత్తును నిర్ణయించుదురు. మెయిలున పోవువాడు కొంచెము బయటికిని, గూడ్సు గార్డు కొంచెము లోపలికిని జరుగుదురు. సిగ్నలు లేక అట్టి వంపున నిలిచిపోయిన బండిలో నడచుట కష్టమగుట మీలో కొందరికి అనుభవమే.

ఇంత విలువగల లెక్క 1659లోనే పూర్తియైనది. హైగెన్సు ఏమి చేసెను? దాచెను. వస్తువులు ఢీకొనుటను గూర్చి 1650ల నాటి రచనగతియు, అద్దములను గూర్చిన రచనగతియు ఇట్లే యైనది. తన పని తనకు పూర్తిగా నచ్చనిదే ముద్రణకు ఇయ్యని స్వభావమాయనది. కాంతి తరంగరూపమున ప్రసరించునను ప్రసిద్ధ గ్రంథము సైతము 1678లో వ్రాయబడి 1690లో గాని ముద్రణ పొందలేదు.

1666లో ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ యొక్క మంత్రి కోల్బేరు పారిసునగరమున శాస్త్రపరిషత్తును స్థాపించి హైగెన్సును రప్పించెను. రాజుగారి గ్రంథాలయమున నివాసము, గొప్ప జీతము. ప్రొటెస్టెంటు మతస్థుడైనను ఆయనకు అక్కడ లోటు జరుగలేదు. 1670లో కఠినమైన జబ్బు చేసి ప్రాణమునకు వచ్చినది. 1672లో అంతకంటె కఠినమైన పరీక్ష వచ్చినది. లూయీ సైన్యములు హాలండుమీద దండెత్తినవి. డచ్చివారు తమ కట్టలను తామే తెగగొట్టి, పొలములను నీట ముంచి, శత్రువును ఆపిరి. హైగెన్సు తండ్రియు అన్నయు ఆరెంజి ప్రభువు కొలువులో ఉన్నారు. తాను శత్రురాజు జీతము తినుచున్నాడు. ఆయన పారిసు విడువలేదు. మరుసటి సంవత్సరము, యుద్ధము జరుగుచుండగనే, లోలక గడియారమును గూర్చిన తన మహాగ్రంథమును ప్రకటించి దానిని పదునాలుగవ లూయీకే అంకితమిచ్చెను. దీనిని మెచ్చుకొనుట నాకు చేతగాలేదు. శాస్త్రమునకు దేశములు లేవని ఆయన తలంచెననవచ్చును. ముంపునకు గురియైన రైతు అట్లు తలంచియుండడు.

ఆ గ్రంథపు చివరిపుటలలోనే అపకేంద్ర బలమును గూర్చిన పదుమూడు సూత్రములు మొదటిసారి వెలువడినవి. ఉపపత్తులు లేవు, సూత్రములు మాత్రమే. వానిలో ఒకటి మన రైలువంపునకు తాతవంటిది: నిలువు ఇరుసుగల పరవలయపు గిన్నె లోపలి గోడమీద అడ్డముగా తిరుగు వస్తువులు, ఎంత ఎత్తున తిరిగినను, ఒకే కాలమున ఒక చుట్టు ముగించును. ఒరిగిన గోడయే లోపలికి నెట్టుచున్నది. ఉపపత్తులు లేకున్నను సూత్రములు పని చేసినవి. ఇంగ్లండులో హాలీ మొదలగువారు వానిని కెప్లరు చెప్పిన గ్రహనియమముతో చేర్చి, సూర్యుని ఆకర్షణ దూరము యొక్క వర్గమునుబట్టి తగ్గునని ఊహించిరి. న్యూటను యౌవనమున తన కాగితములలో ఇదే నియమమును వేరుగా సాధించియుండెను గాని ప్రకటింపలేదు. 1687 నాటి తన మహాగ్రంథమున హైగెన్సు కృషిని పేర్కొనెను. వృత్తమున తిరుగు వస్తువును లోపలికి లాగు బలమునకు, హైగెన్సు పెట్టిన పేరునకు ప్రతిరూపముగ, అభికేంద్ర బలమని న్యూటనే పేరిడెను. దారము తెగుట నేలనుండి చూచినవానికి అభికేంద్ర బలమే లెక్క; చక్రముపైనివానికి అపకేంద్ర బలము లెక్క. బస్సులోని మనము రెండవవారము.

1681లో మరల జబ్బు చేసి హైగెన్సు హేగ్ నగరమునకు వచ్చెను. 1683లో కోల్బేరు చనిపోయెను. 1685లో ఫ్రాన్సునందలి ప్రొటెస్టెంటులకు దాదాపు నూరేండ్లుగా ఉండిన హక్కులను రాజు రద్దుచేసెను. తాను గ్రంథమంకితమిచ్చిన ఆ రాజ్యమున ఆయనకు ఇక స్థానము లేదు. పారిసునకు మరల పోలేదు.

ఆయన గడియారములు మాత్రము సముద్రమునకు పోయినవి. మన మచిలీపట్టణమున పదునేడవ శతాబ్ది ఆరంభమునుండి వర్తకము చేసిన డచ్చి తూర్పుఇండియా కంపెనీయే 1686-87లో తన యోడమీద వానిని ఆఫ్రికా దక్షిణపు కొనకు పంపి పరీక్షించెను. తిరిగివచ్చిన లెక్కలు సరిపడలేదు. ఓడ దారి పటముమీద తప్పుగా కనబడెను. హైగెన్సు ఇరువదియెనిమిదేండ్ల క్రిందటి తన కాగితములను జ్ఞప్తికి తెచ్చుకొనెను. భూమియు తిరుగు చక్రమే. మనమందరము దానిమీది మనుష్యులము. భూమధ్యరేఖయొద్ద అపకేంద్ర బలము బరువులో 289వ వంతు. అంతమేర బరువు తగ్గి లోలకము ఆలసించును. ఆ సవరణ చేయగా ఓడ దారి చక్కబడెను. ధ్రువములకును భూమధ్యరేఖకును నడుమనున్న దేశములలో తాపీపనివాని మట్టపుగుండు సైతము భూకేంద్రపు దిక్కునకు సరిగా వ్రేలాడక అంశలో పదవ వంతువరకు ఒరిగియుండునని గూడ ఆయన లెక్కించి 1690లో ప్రకటించెను. బండి పెద్దదైనకొలది ఒరుగుట కంటికి కనబడదు, అంతే భేదము.

1687లో తొంబదియేండ్ల తండ్రి మరణించెను. వివాహము చేసికొనని క్రిస్టియాన్, హేగ్ దగ్గర వోర్‌బర్గ్ గ్రామమున తండ్రి కట్టించిన హాఫ్‌విక్ అను తోట యింట కొన్ని సంవత్సరములు గడపెను. 1689లో ఇంగ్లండు వెళ్లి న్యూటనును కలిసికొనెను. తిరిగివచ్చిన తరువాత, శాస్త్రము మాటాడుటకు తగిన తోడులేని యేకాంతము ఆయనను బాధించెను. 1695 జూలై 8వ తేదీన హేగ్ నగరమున మరణించెను. తన కాగితములను లైడెన్ విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చెను. పండితులు వానిని సరిచూచి 1703లో ముద్రింపగా, అపకేంద్ర బలమును గూర్చిన ఉపపత్తులు, చక్రముమీది మనుష్యుడు, సీసపుగుండు, దారము, అన్నియు నలువదినాలుగేండ్లకు బయటపడినవి. ఆయన సమస్త రచనలును 1888 మొదలు 1950 వరకు ఇరువదిరెండు సంపుటములుగ వెలువడినవి.

హాఫ్‌విక్ గృహము నేటికిని ఉన్నది. ఇప్పుడది హైగెన్సు కుటుంబపు వస్తువులుంచిన ప్రదర్శనశాల. చుట్టును నీటికాలువ, దానిని దాటుటకు చిన్న వంతెన. పందొమ్మిదవ శతాబ్దిలో రైలుదారి వేసినవారు ఆ తోటలో కొంతభాగమును తీసికొనిరి. వోర్‌బర్గ్ రైలుస్టేషను ఆ యింటి ప్రక్కనే యున్నది.